ట్రంకు పెట్టెలో దేశం

మా వీధిలో పాత కాగితాలు కొనేవాడు కేక వేశాడంటే ఇప్పటికీ నా గుండె ఒక్కసారి గతుక్కుమంటుంది. మీకు నవ్వు రావచ్చు. కాని సంగతి వింటే నవ్వరు.

మా తాతగారు రంగూన్‌లో బియ్యపు మిల్లులో గుమాస్తాగా ఉండేవారు. 1942లో జపాను సేనలు బర్మామీద పడ్డప్పుడు, వేలాది తెలుగువారితోపాటు ఆయనా కొండలూ అడవులూ పట్టి నడిచి ఇల్లు చేరారు. భుజాన తెచ్చుకున్న మూటలో రెండు పంచెలూ, కొన్ని కాగితాలూ తప్ప మరేమీ లేవట. ఆ కాగితాలు ఒక ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, పోయేదాకా ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకు తిరిగారు. 1983లో నేను ఇల్లు మరమ్మతు చేయిస్తూ అటకమీది పెట్టె దింపించాను. కాగితాలు ముక్కవాసన వేస్తున్నాయి. కొన్ని పురుగులు కొట్టాయి. వాకిట్లో త్రాసు పట్టుకు నిలబడ్డవాడికి తూకానికి వేసేశాను. నాలుగు కిలోల చిల్లర తూగాయి. పెట్టె మాత్రం ఇవ్వలేదు, మంచి ఇనుము గదా అని!

ఆరు నెలల తరవాత మా మేనత్త వచ్చింది. "ఒరే, నాన్న పెట్టెలో నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండాలిరా. దారిలో పోయినవాళ్ల పేర్లూ, ఊళ్లూ అందులో రాసుకున్నాడు. ఒకసారి చూపించు" అంది. ఆవిడకు నేనేం జవాబు చెప్పానో ఇక్కడ రాయను.

ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. మరచిపోయాననే అనుకున్నాను. పోయిన ఏడాది అమెరికాలో, మయామీ నగరంలో, పొరుగింటి ముసలావిడ తన పెట్టె తెరిచి నా ముందు పెట్టేదాకా మరచిపోయాననే అనుకున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ ఆ ఊళ్లో ఉంటున్నారు. ఆర్నెల్లు ఉండి పొమ్మంటే వెళ్లాను. అమెరికా అన్న మాటేగాని, వాళ్ల పేటలో చెవిని పడేది స్పానిష్ భాష. క్యూబానుంచి వచ్చి స్థిరపడినవారూ, వాళ్ల బిడ్డలూ, ఆ బిడ్డల బిడ్డలూను. అంగడి కిటికీ దగ్గర నిలబడి, ఉగ్గుగిన్నె అంత కప్పులో చిక్కటి తియ్యటి కాఫీ తాగుతూ రాజకీయాలు మాట్లాడుకుంటూ ఉంటారు. చేతులు తిప్పుతూ, కేకలు వేస్తూ, మధ్యలో భుజాలు తట్టుకుంటూ! గాంధీనగరంలోనో గవర్నరుపేటలోనో ఉన్నట్టే అనిపించింది నాకు.

పక్కింటావిడకు డెబ్బైమూడేళ్లు. ఒక్కతే ఉంటుంది. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం. నాది పాత హైస్కూలు ఇంగ్లీషు, ఆవిడది యాసతో కూడిన ఇంగ్లీషు. రెండూ కలిసి బాగానే నడిచాయి. ఆవిడ నన్ను 'సెన్యోర్' అనేది. నేను 'అమ్మా' అనేవాణ్ని. ఆ మాటకు అర్థం చెప్పాక ఆవిడకు ఎంత సంతోషమో!

ఒకనాటి సాయంకాలం ఆవిడ దిగులుగా కనిపించింది. కొడుకు ఇల్లు అమ్మేసి తనతో రమ్మంటున్నాడట. వచ్చేటప్పుడు ఈ పాత చెత్త అంతా పారేసి రమ్మన్నాడట. "చెత్త ఏమిటమ్మా?" అన్నాను. లోపలికి వెళ్లి అట్టపెట్టె వంటి చిన్న సూట్‌కేసు ఒకటి తెచ్చింది. మూలలు అరిగిపోయి ఉన్నాయి. అందులో ఒక చిన్న గౌను, ఒక పాస్‌పోర్టు, రిబ్బనుతో కట్టిన ఉత్తరాల కట్టలు.

అప్పుడు చెప్పింది తన కథ.

క్యూబాలో 1959 జనవరి ఒకటో తేదీన నియంత బతీస్తా దేశం విడిచి పారిపోయాడు. ఫిడెల్ కాస్ట్రో, ఆయన అనుచరులూ అధికారానికి వచ్చారు. మొదట్లో దేశమంతా పండుగే. తరవాత ఎస్టేట్లూ, మిల్లులూ, వ్యాపారాలూ ప్రభుత్వపరమయ్యాయి. ప్రైవేటు బడులు మూతపడ్డాయి. పిల్లలమీద తల్లిదండ్రులకు ఉన్న హక్కుకూడా ప్రభుత్వం తీసేసుకుంటుందని ఒక పుకారు పుట్టింది. అలాంటి చట్టం ఏదీ రాలేదు. కాని కన్నవాళ్లకు నిద్ర పట్టకపోవడానికి పుకారు చాలదూ? 1960 డిసెంబరు చివరినుంచి 1962 అక్టోబరు వరకు, పద్నాలుగు వేలకు పైగా పిల్లలు తల్లీ తండ్రీ వెంట లేకుండా, ఒంటరిగా విమానమెక్కి మయామీలో దిగారు. దీనికి 'ఆపరేషన్ పెడ్రో పాన్' అని పేరు. పీటర్ పాన్ అని ఇంగ్లీషు పిల్లల కథలో ఎగిరే కుర్రవాడు ఉన్నాడు చూశారూ, ఆ పేరుకు స్పానిష్ రూపం. మయామీలో బ్రయన్ వాల్ష్ అనే కేథలిక్ ఫాదరీ ఈ పిల్లల భారం వహించాడు. సుమారు సగంమందిని అక్కడున్న చుట్టాలు తీసుకుపోయారు. మిగిలినవారు శిబిరాలకూ, అనాథాశ్రమాలకూ, ఎరగని ఇళ్లకూ పోయారు.

మా పక్కింటావిడ అప్పటికి తొమ్మిదేళ్ల పిల్ల. వెంట ఆరేళ్ల తమ్ముడు. హవానా విమానాశ్రయంలో ప్రయాణికులను కూర్చోబెట్టే గదికి అద్దాల గోడలు. దాన్ని వాళ్లు 'చేపల తొట్టి' అనేవారు. లోపల పిల్లలు, బయట తల్లిదండ్రులు. పెదవులు కదలడం కనిపిస్తుందిగాని మాట వినిపించదు. "మా అమ్మ ఏమిటో పదే పదే చెబుతోంది సెన్యోర్. నాకు ఇప్పటికీ తెలియదు, ఏం చెప్పిందో" అంది ఆవిడ.

నాలుగైదు నెలల్లో మేమూ వస్తామని చెప్పి పంపారట. 1962 అక్టోబరులో రష్యా క్షిపణుల గొడవ వచ్చి విమానాలు ఆగిపోయాయి. మళ్లీ 1965 డిసెంబరులో, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నమీదట, వరదేరో నుంచి విమానాలు మొదలయ్యాయి. వీళ్ల అమ్మానాన్నా వచ్చేసరికి 1966. తొమ్మిదేళ్ల పిల్ల పద్నాలుగేళ్లదయింది. తమ్ముడికి స్పానిష్ సగం మరపు వచ్చింది. ఆ ఐదేళ్ల ఉత్తరాలే ఆ కట్టలు.

"విశ్వవిద్యాలయంవాళ్లు ఇలాంటివి దాస్తారని మా చర్చిలో చెప్పారు. కాని ఇవి ఎవరికి కావాలి? తమ్ముడికి దగ్గు తగ్గిందా, చొక్కాకు బొత్తాం కుట్టావా, రాత్రి ప్రార్థన చేశావా, ఇంతేగదా. మా అమ్మ ఏం పెద్ద మనిషా, మంత్రా?" అంది ఆవిడ.

నాకు త్రాసూ, నాలుగు కిలోల చిల్లరా కళ్లముందు కదిలాయి. "అమ్మా, పారేయడం ఎంతసేపు? రేపు మా అమ్మాయి కారులో వెళ్లి ఒకసారి చూసివద్దాం" అన్నాను.

వెళ్లాం. మయామీ పక్కనే కోరల్ గేబుల్స్ అని ఊరుంది. మయామీ విశ్వవిద్యాలయం అక్కడే. దాని గ్రంథాలయంలో ఒక విభాగానికి 'క్యూబన్ హెరిటేజ్ కలెక్షన్' అని పేరు. క్యూబా దేశంలో పుట్టి కోకాకోలా కంపెనీకి అధిపతి అయిన రొబెర్తో గోయిస్వేటా పేర దానికి ప్రత్యేక మందిరం కూడా కట్టారు. 2003లో తెరిచారు. సంచీ బయట పెట్టాలి. కలం పనికిరాదు, పెన్సిలే. ఒక పెట్టె తిరిగి ఇస్తేగాని రెండోది ఇవ్వరు. కాగితం చిరుగుతుందేమోనని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటారు. మన దేశంలో పెళ్లికూతురి నగలుకూడా ఇంత భద్రంగా చూడరు!

ఈ భాండాగారం పుట్టిన తీరే ఒక కథ. 1960 తరవాత హవానానుంచి కాందిశీకులుగా వచ్చినవారిలో చదువుకున్న ఆడవాళ్లు కొందరు ఆ గ్రంథాలయంలో ఉద్యోగాలకు చేరారు. రోసా అబెయ్యా, కవయిత్రి ఆనా రోసా నూన్యెస్, ఎస్పెరాన్సా బ్రావో దె వరోనా, లెస్బియా ఓర్తా వరోనా, వీళ్లు ముఖ్యులు. క్యూబా చరిత్ర భాండాగారం స్థాపించమని వీళ్లకెవరూ చెప్పలేదు. అలాంటి విభాగం అప్పటికి లేనేలేదు. వీళ్లు చేసిందల్లా, కంటబడిన కాగితాన్ని పారవేయకపోవడం. కిరాణా కొట్లో ఊరికే ఇచ్చే చిన్న పత్రికలు, సభల కరపత్రాలు, నాటకాల ప్రోగ్రాములు, పూర్వ విద్యార్థుల విందు ఆహ్వానాలు, అన్నీ పోగుచేశారు. ఆ చిన్న పత్రికలను వాళ్లు 'పెరియోదికీతో' లంటారు. ఒకటి పుట్టడం, నాలుగు సంచికలకు చావడం, మరొకటి పుట్టడం. మనకూ ఈ విద్య బాగా తెలుసుగదా! అలాంటివి కొన్ని వందల పేర్లు ఇవాళ అక్కడ భద్రంగా ఉన్నాయి. 1998లోగాని ఆ పోగుకు ప్రత్యేక విభాగమనే హోదా రాలేదు. అంటే ముప్పై ఏళ్లకు పైగా, అధికారులు గుర్తించక ముందే, ఆ ఆడవాళ్లు ఒక దేశాన్ని కాగితం కాగితంగా కూడబెట్టారన్నమాట.

ప్రభుత్వపు కాగితాలూ అక్కడున్నాయి. మయామీ నడిబొడ్డున 1925లో ఒక పత్రికా కార్యాలయం కోసం కట్టిన గోపురం ఉంది. 1962 నుంచి 1974 వరకు అందులో క్యూబా కాందిశీకుల కేంద్రం నడిచింది. కొత్తగా దిగినవాళ్లకు పేర్లు నమోదుచేసి, వైద్యం చేయించి, జున్నూ, పాలపొడీ, డబ్బా మాంసమూ పంచిపెట్టేవారు. అందుకే దానికి 'స్వేచ్ఛా గోపురం' అని పేరు వచ్చింది. ఆ కేంద్రం రికార్డులు ఈ గ్రంథాలయానికి చేరాయి. మరో చిత్రం వినండి. ఆ గోపురానికి నమూనా స్పెయిన్‌లోని సెవిల్ నగరపు హిరాల్దా గోపురం. ఆ అసలు గోపురం పక్కనే 'ఇండీస్ భాండాగారం' ఉంది. స్పెయిన్ క్యూబాను ఏలినప్పటి దస్తావేజులు, రెండువేలకు పైగా కట్టలు, 1888–89లో హవానానుంచి ఓడలమీద అక్కడికి తరలించారు. క్యూబా చరిత్రకు ఇల్లు విడిచి పోవడం కొత్తకాదన్నమాట!

లైబ్రరీలో ఉన్న కాగితాలలో లిదియా కబ్రేరా కాగితాలను గురించి చెప్పాలి. 1899లో హవానాలో, కలిగిన ఇంట పుట్టిన తెల్లజాతి స్త్రీ. ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతిలో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల దేవతలూ, మంత్రాలూ, మూలికలూ, కథలూ రాసుకుంది. 1954లో 'ఎల్ మోంతే' అనే పెద్ద గ్రంథం వెలువరించింది. 'మోంతే' అంటే అడవి. 1960లో దేశం విడిచింది. 1991లో మయామీలో పోయింది. ఆ ముసలివాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్ల పేరిట ఆస్తి దస్తావేజూ ఉండదు, పుస్తకమూ ఉండదు. ఈవిడ కాగితాలలోనే వాళ్ల మాట మిగిలింది.

ఇంకో పెద్దమనిషి కథ విన్నాను. క్రిస్తోబల్ దియాస్ అయాలా అని, గ్రామఫోను రికార్డుల పిచ్చివాడు. 1960లో క్యూబా విడిచినప్పుడు తన రికార్డులన్నీ వెనక వదిలి రావలసివచ్చింది. పోర్టోరికోలో స్థిరపడి, మొదటినుంచీ మళ్లీ పోగుచేయడం మొదలుపెట్టాడు. 2001లో ఆ పోగు మొత్తం మయామీలోని ఫ్లారిడా ఇంటర్నేషనల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. లెక్కపెడితే సుమారు లక్ష వస్తువులు! ఒకసారి పోయినదాన్ని రెండోసారి కూడబెట్టాలంటే ఎంత ప్రేమ ఉండాలో ఆలోచించండి.

ఇంతవరకు చదివి, మయామీవాళ్లే చరిత్రను కాపాడారనీ, హవానాలో అంతా నాశనమైందనీ అనుకునేరు. అది సత్యం కాదు. హవానాలో జాతీయ గ్రంథాలయం 1901లో పుట్టింది. మొదటి అధ్యక్షుడు ఫిగరోలా కనేదా తన సొంత పుస్తకాలు మూడువేలదాకా ఇచ్చి దాన్ని ప్రారంభించాడు. జాతీయ రికార్డు భాండాగారం అంతకంటే పాతది. 1840 నాటిది. గాలివానా, ఉక్కా, పురుగూ, డబ్బు లేకపోవడం, వీటన్నిటితో పోరాడుతూ అక్కడి ఉద్యోగులు కాగితాలను కాపాడుకుంటూ వచ్చారు.

అదిగాక మరో సంగతి. మా పక్కింటావిడ విమానమెక్కిన 1961లోనే, క్యూబాలో సుమారు లక్షమంది యువతీ యువకులు, అందులో పన్నెండు పదమూడేళ్లవాళ్లుకూడా, చేత లాంతరు పట్టుకుని పల్లెలకూ కొండలకూ పోయి చదువురానివాళ్లకు అక్షరాలు నేర్పారు. ఏడాదిలో ఏడు లక్షలమంది నేర్చుకున్నారని లెక్క. నేర్చుకున్నవారికి చివరి పరీక్ష ఏమిటో తెలుసా? ఫిడెల్ కాస్ట్రోకు సొంతదస్తూరితో ఒక ఉత్తరం రాయడం. ఆ ఉత్తరాలు లక్షలకొద్దీ హవానాలోని అక్షరాస్యత మ్యూజియంలో దాచారు.

చూశారా మరి? ఒకే దేశం, ఒకే ఏడాది. సముద్రానికి ఈవల తల్లులు పిల్లలకు రాసిన ఉత్తరాలు, ఆవల అరవై ఏళ్ల రైతు తన జీవితంలో మొదటిసారి రాసిన ఉత్తరం. రెండు దేశాలకూ మధ్య తొంభై మైళ్ల నీరు. రెండు కట్టలూ కలిపి చదివితేగాని ఆ ఏడాది ఏం జరిగిందో అర్థం కాదు. ఒక్క కట్టే చదివినవాడు అబద్ధం ఆడనక్కరలేదు. సగమే చెబుతాడు. సగం నిజం నమ్మినవాడికి రెండో సగంమీద కోపం వస్తుంది.

ఆ కోపం ఎంతదాకా పోయిందంటే, 1988లో మయామీలో ఒక క్యూబా మ్యూజియంవారు బొమ్మలు వేలం వేశారు. అందులో క్యూబాలోనే ఉంటున్న మెందీవే అనే చిత్రకారుడి నెమలి బొమ్మ ఒకటి ఉంది. ఒకాయన ఐదువందల డాలర్లు పెట్టి దాన్ని కొని, వీధిలోకి తెచ్చి తగలబెట్టాడు. కొన్నది గోడకు తగిలించుకోవడానికి కాదు, కాల్చడానికి! కొద్దిరోజులకు ఆ మ్యూజియం దగ్గర బాంబుకూడా పేలింది. అలాంటి ఊళ్లో ఉంటూ, ఆ గ్రంథాలయపు స్త్రీలు హవానాలో అచ్చయిన పుస్తకాలనూ, పత్రికలనూకూడా కొని, అట్టలు వేసి, మయామీ పత్రికల పక్కనే అరల్లో పెట్టారు. వాళ్ల ధైర్యం తక్కువదని ఎవరనగలరు?

మనవంటి వారపత్రిక పాఠకులు తెలుసుకోవలసిన కథ ఒకటి చెబుతాను. హవానాలో 'బొహేమియా' అని సచిత్ర వారపత్రిక. 1908లో పుట్టింది. కథలూ, బొమ్మలూ, రాజకీయాలూ, అన్నీ ఉండేవి. 1959 జనవరిలో విజయోత్సవ సంచికలు పది లక్షల ప్రతులు వేసింది. ఆ పత్రికాధిపతి మిగెల్ ఆంహెల్ కెవేదో కాస్ట్రోను ఎంతగానో సమర్థించినవాడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1960లో, దేశం విడిచి వెళ్లిపోయి 'బొహేమియా లిబ్రే' అని బయటినుంచి మరో పత్రిక పెట్టాడు. 'స్వతంత్ర బొహేమియా' అన్నమాట. హవానాలో పాత 'బొహేమియా' ఆగలేదు. అదీ వస్తూనే ఉంది. ఒకే పేరు, రెండు నోళ్లు. కెవేదో 1969లో కారకాస్ నగరంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయనను గురించి ఎవరెన్ని మాటలన్నా, పాత సంచికలు రెండువైపులా భద్రంగా ఉన్నాయి. ఎవరి మాటల్లో నిజమెంతో చదివి తేల్చుకోవచ్చు.

కాగితాల దగ్గర చేతులు కలిపినవాళ్లూ లేకపోలేదు. అమెరికన్ రచయిత హెమింగ్‌వే హవానా శివారులోని తన ఇంట్లో వేలకొద్దీ పుస్తకాలూ, జాబులూ వదిలి 1961లో పోయాడు. 2002లో రెండు దేశాలవాళ్లూ ఒప్పందం రాసుకుని వాటిని శుభ్రం చేశారు. అసలు కాగితాలు క్యూబాలోనే ఉన్నాయి, నకళ్లు బోస్టన్‌లోని కెన్నెడీ గ్రంథాలయానికి చేరాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు చరిత్రాచార్యురాలు జేన్ లాండర్స్ బృందమూ అలాగే క్యూబా చర్చీలలోని పాత రిజిస్టర్లకు ఫోటోలు తీసింది. బానిసల బాప్తిస్మాలూ, పెళ్లిళ్లూ, చావులూ అందులో ఉన్నాయి. పురుగు తిన్న ఆ పుటల్లో ఎవరి ముత్తవ్వ పేరు ఎక్కడుందో!

సరే, మా పక్కింటావిడ సంగతికి వద్దాం. లైబ్రరీలోని అమ్మాయి, ఆమెదీ క్యూబా కుటుంబమే, సూట్‌కేసు తెరిచి ఒక్కొక్క కట్టే చూసింది. "దగ్గు మందు సంగతులేనమ్మా" అని ఈవిడ సిగ్గుపడుతూంటే, "అవే కావాలి. మంత్రుల ఉపన్యాసాలు అన్నిచోట్లా దొరుకుతాయి. అప్పటి హవానాలో పాలు దొరికాయో లేదో, తల్లికి రాత్రి నిద్ర పట్టిందో లేదో మీ అమ్మగారే చెప్పాలి" అంది. ఆ మాటతో ఈవిడ మొహం వికసించింది.

అన్నీ ఇచ్చేస్తానంది. కాని ఒక్క కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది. దానిమీద స్టాంపు లేదు. అది వాళ్ల అమ్మ రాసింది కాదు. పదేళ్ల వయసులో తానే అమ్మకు రాసి, పోస్టు చేయని జాబు. ఏమి రాసిందో మాకు చెప్పలేదు. "మా అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ ఆవిడ కంటబడకుండా దాచాను. చూస్తే తట్టుకోలేదు. దీన్ని చింపేస్తాను" అని మాత్రం అంది.

నాకు అప్పుడు హొసే మార్తీ జ్ఞాపకం వచ్చాడు. క్యూబా స్వాతంత్ర్యానికి ప్రాణం పెట్టిన కవి. వాళ్లకు ఆయన ఎంతటివాడో చెప్పనలవికాదు. కాస్ట్రోవాళ్లూ, కాస్ట్రోను తిట్టేవాళ్లూ, ఇద్దరూ ఆయన బొమ్మకే దండ వేస్తారు. 1895 ఏప్రిల్ ఒకటిన, యుద్ధానికి బయలుదేరబోతూ, తన శిష్యుడు గొన్సాలో దె కెసాదాకు ఒక ఉత్తరం రాశాడు. ప్రాణం మీదికి పోతున్నవాడు ఆస్తి గురించి రాయలేదు. తన కాగితాలు ఎలా ఏరాలో, ఏ ఏ సంపుటాలుగా కూర్చాలో రాశాడు. శిష్యుడు మాట నిలబెట్టుకున్నాడు. 1900 నుంచి ఒక్కొక్క సంపుటమే అచ్చువేశాడు.

యుద్ధరంగంలోకూడా మార్తీ దినచర్య రాసుకున్నాడు. మే 5న మరో ఇద్దరు సేనానాయకులు, గోమెస్, మసేవోలతో సమావేశమయ్యాడు. వాళ్లలో వాళ్లకు గట్టిగా మాటా మాటా పెరిగింది. మే 19న యుద్ధంలో చనిపోయాడు. ఆ దినచర్య దొరికిందిగాని, మే 6వ తేదీ పుటలు అందులో లేవు. ఎవరు చింపారు? ఎవరి పరువు కాపాడడానికి? ఇప్పటికీ చరిత్రకారులు కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ పుటల్లో ఏమంత ఘోరం ఉండి ఉంటుంది? అలిగిన మనిషి నాలుగు మాటలు రాసుకుని ఉంటాడు. కాని చింపినందువల్ల, లేని పుటమీద ఎవరికి తోచింది వారు రాసుకుంటున్నారు.

వచ్చీరాని ఇంగ్లీషులో ఈ సంగతి ఆవిడకు గుర్తుచేశాను. మార్తీ కథ నేను ఆవిడకు చెప్పడమేమిటి, తాడేపల్లిలో పుట్టినవాడికి కృష్ణ ఒడ్డు చూపించినట్టు! ఆవిడ నవ్వింది. చాలాసేపు ఊరుకుంది.

లైబ్రరీ అమ్మాయి మెల్లగా చెప్పింది. "చింపనక్కరలేదు. ఇచ్చేవారు షరతు పెట్టవచ్చు. ఫలానా కాగితం ఫలానా కాలందాకా ఎవరికీ చూపరాదని రాసి సంతకం చేస్తే, మేం సీలువేసి ఉంచుతాం. మేమూ విప్పం."

"నేను పోయి పాతికేళ్లు అయినాక?" అంది ఆవిడ.

"అలాగే."

కవరు చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ వేళ్లు వణికాయి. కాని పెట్టింది. తిరుగుదారిలో కారులో ఖాళీ సూట్‌కేసు ఒళ్లో పెట్టుకు కూర్చుని, "అద్దం వెనకనుంచి మా అమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు సెన్యోర్. నేనేం చెప్పానో మాత్రం ఎవరో ఒకరు ఎప్పటికైనా వింటారు" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చింపిన పుట ఒకటి, సీలు వేసిన పుట ఒకటి. ఇవాళ రెండూ చదవడానికి వీలులేనివే. కాని సీలు ఏనాటికైనా విప్పవచ్చు. నేను తూకానికి వేసిన నల్ల అట్ట పుస్తకం మొదటి జాతిలో చేరింది. అందులోని పేర్లు మరెక్కడా లేవు. బర్మానుంచి నడిచి వచ్చినవాళ్లలో దారిలో పడిపోయిన మా ఊరి మనుషులు ఎవరో చెప్పగల కాగితం అది ఒక్కటే. దాన్ని తగలబెట్టింది శత్రువు కాదు, తిన్నది పురుగు కాదు. మనవణ్నైన నేను, ఇల్లు శుభ్రంగా ఉండాలని.

పాఠకులకు నా మనవి ఒక్కటే. సంక్రాంతికో, ఇల్లు మారేటప్పుడో అటక దులుపుతారు గదా. ఆ పని ఇంట్లో పెద్దవాళ్లు బతికి ఉండగా, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యండి. ఏ ఫోటోలో ఎవరో పెన్సిలుతో వెనక రాసిపెట్టండి. వలసపోయినవాళ్ల జాబులు, రేషను కార్డులు, పద్దు పుస్తకాలు, శుభలేఖలు, వాటికి తూకం ఉందిగాని ధర లేదు. మీకు దాచే చోటు లేకపోతే దాచేవాళ్లను వెతకండి. ఇంట్లో సిగ్గుపడవలసిన కాగితం ఏదైనా ఉంటే చింపకండి. కవరులో పెట్టి అంటించి, మీ తరవాతి వాళ్లకు ఒప్పచెప్పండి. మనకు సిగ్గు అనిపించింది మన మనవలకు జాలి అనిపించవచ్చు.

నేను ఇంటికి వచ్చినాక ఆ ట్రంకు పెట్టె మళ్లీ దింపించాను. ఇన్నేళ్లూ అందులో మేకులూ, పాత తాళాలూ పోసి ఉంచాం. అవి తీసి తుడిపించాను. మా మేనత్త లేదు. ఆవిడ కూతురు ఉంది, ఎనభై ఒకటో ఏడు. వాళ్ల అమ్మ నోట విన్న పేర్లు ఆవిడకు ఏడు జ్ఞాపకం ఉన్నాయి. రెండింటికి ఇంటిపేర్లు తెలియవు. అవే ఒక నోటుబుక్కులో రాసి, పెట్టె అడుగున పెట్టాను.

ఇది రాస్తూండగానే వీధిలో కేక వినబడింది. "పాత పేపర్లు కొంటాం!" వాకిట్లోకి వెళ్లి, "ఇవాళ ఏమీ లేవయ్యా" అని చెప్పి వచ్చాను.